సీ ముందా, పైథాన్ ముందా? మన పిల్లల మొదటి ప్రోగ్రామింగ్ భాషను ఎవరు నిర్ణయిస్తున్నారు?



గత నెల మన ఎనుమాముల బ్రాంచిలో జరిగిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. "మేడం, మా పెద్దోడు బీటెక్ ఫస్టియర్‌ల సీ చదువుతుండు. ఒక్క సబ్జెక్టు పోయింది, అది గదే. నాకు బుర్ర లేదు, కంప్యూటర్ నాతోని కాదు అంటుండు. మీరేమో మా చిన్నదానికి పైథాన్ చెప్తున్నరు. రేపు ఇది కాలేజీకి పోయినంక మళ్ల మొదటికే వస్తదా? ఏది కరెక్టో చెప్పుండ్రి" అని అడిగారు.

ఆయన మార్కెట్ యార్డులో అడ్తి వ్యాపారం చేస్తారు. అందుకే మిర్చి లెక్కతోనే జవాబు మొదలుపెట్టాను. బయట ఇంకా పదిమంది తల్లిదండ్రులు వేచి ఉండటంతో సగంలోనే ఆపాల్సి వచ్చింది. ఇదే ప్రశ్న మీలో చాలామందికి ఉందని తెలుసు కాబట్టి, ఆ జవాబును ఈ సంచికలో పూర్తిగా రాస్తున్నాను.

ముందు ఒక తక్‌పట్టీ లెక్క

ఒక రైతు అయిదు బస్తాల మిర్చి తెచ్చారనుకుందాం. కాంటా మీద తూకాలు 42, 44, 41, 45, 43 కిలోలు. మొత్తం 215 కిలోలు. ధర క్వింటాలుకు 15,000 రూపాయలు అనుకుందాం. 215ను 100తో భాగిస్తే 2.15 క్వింటాళ్లు. దాన్ని 15,000తో గుణిస్తే 32,250 రూపాయలు. హమాలీ, ఇతర ఖర్చుల సంగతి పక్కన పెడితే, తక్‌పట్టీ మీద రావాల్సిన అంకె ఇదే. మన యార్డులో ఈ లెక్కను నోటితోనే చెప్పేసేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇదే లెక్కను బీటెక్ మొదటి సెమిస్టర్ విద్యార్థి సీ భాషలో రాశాడు. కిలోలూ, వందా రెండూ పూర్ణాంకాలే కాబట్టి, పుస్తకంలో చెప్పినట్టే పూర్ణాంకాలుగా ప్రకటించాడు. ప్రోగ్రాం నడిచింది. ఒక్క తప్పు కూడా చూపించలేదు. కానీ జవాబు 30,000 అని వచ్చింది.

మిగతా 2,250 రూపాయలు ఎక్కడికి పోయాయి? సీ భాషలో ఒక నియమం ఉంది. రెండు పూర్ణాంకాలను భాగిస్తే జవాబు కూడా పూర్ణాంకమే వస్తుంది, దశాంశ భాగం ఊడిపోతుంది. 215ను 100తో భాగిస్తే 2.15 కాదు, 2 మాత్రమే. పదిహేను కిలోల మిర్చి కాంటా మీదే మాయమైంది. కంప్యూటర్ దృష్టిలో ఇది తప్పు కాదు, అందుకే హెచ్చరిక కూడా రాలేదు.

పాత సాఫ్ట్‌వేర్ వాడితే ఇంకో ఇబ్బంది ఉంది. మన కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి కనిపించిన నీలం తెర సాఫ్ట్‌వేర్ టర్బో సీ. అది డాస్ కాలం నాటిది. అందులో మామూలు పూర్ణాంకానికి ఇచ్చే చోటు 16 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఈసారి సరిగ్గా మూడు క్వింటాళ్ల మిర్చి, అదే ధర అనుకోండి. మూడు పదిహేనులు నలభై అయిదు, అంటే 45,000 రావాలి. ఆ చోటులో అది పట్టదు. బండి మీటరు చివరి అంకె దాటాక మళ్లీ మొదటికి తిరిగినట్టు, ఇక్కడ సంఖ్య తిరగబడి మైనస్ 20,536 అవుతుంది. మిర్చి అమ్మిన రైతే మార్కెట్‌కు ఎదురు బాకీ పడ్డట్టన్నమాట!

ఇదే లెక్క పైథాన్‌లో రాస్తే 215ను 100తో భాగించినప్పుడు 2.15 వస్తుంది. మూడు క్వింటాళ్లకు 45,000 వస్తుంది. పూర్ణాంకం ఎంత పెద్దదైనా చోటు సరిపోలేదన్న సమస్య రాదు. ఈ లెక్కకు పిల్లలకు కాగితం మీద ఏ జవాబు వస్తుందో, తెర మీదా అదే వస్తుంది.

అలాగని పైథాన్‌లో గోతులు లేవని కాదు. కీబోర్డు మీద టైప్ చేసిన 42, 44లను పైథాన్ మొదట సంఖ్యలుగా కాక, అక్షరాలుగా తీసుకుంటుంది. వాటిని సంఖ్యలుగా మార్చకుండా కలిపితే 86 రాదు, రెండూ పక్కపక్కన చేరి 4244 అవుతుంది. రెండు బస్తాలు కలిసి నాలుగు వేల కిలోలు! మా ఎనిమిదో తరగతి పిల్లలు ఈ తప్పు చేసి పడీ పడీ నవ్వుతారు. తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి తామే దిద్దుకుంటారు.

తేడా అంతా ఇక్కడే ఉంది. ప్రతి భాషలోనూ తిరకాసులు ఉంటాయి. నేర్చుకోవడం మొదలుపెట్టిన మొదటి నెలలో పిల్లలు దేనితో కుస్తీ పడుతున్నారన్నదే ప్రశ్న. లెక్కను మెట్లు మెట్లుగా విడగొట్టడంతోనా, లేక ఆ యంత్రం అంకెలను ఎక్కడ, ఎంత చోటులో దాచుకుంటుందన్న గొడవతోనా? రెండోది కూడా నేర్చుకోవాల్సిందే. కానీ అది మొదటి రోజే రావాలా అన్నదాని మీదే ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలు అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నాయి.

మొదటి భాష ఎప్పుడూ ఒకటే కాదు

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు బేసిక్ అనే భాషను తయారు చేశారు. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడగలగాలన్నది వారి ఆలోచన. 1970లో స్విట్జర్లాండ్‌కు చెందిన నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషను ప్రకటించారు. క్రమశిక్షణతో ప్రోగ్రాం రాయడం నేర్పడమే దాని ప్రధాన ఉద్దేశం. సీ భాష సంగతి వేరు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం రాయడానికి తయారు చేశారు. అది పని తెలిసిన ఇంజినీర్ల చేతికి ఇచ్చిన పనిముట్టు, పిల్లలకు పాఠం చెప్పడానికి పుట్టింది కాదు.

మన దేశంలో 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ పరిచయ కార్యక్రమం మొదలుపెట్టింది. బ్రిటన్ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ల మీద పిల్లలు బేసిక్ నేర్చుకున్నారు. మీలో కొందరు అలాంటి కంప్యూటర్ ముందు చెప్పులు విడిచి కూర్చున్నవారే అయ్యుండొచ్చు.

అమెరికాలో హైస్కూలు విద్యార్థులకు కాలేజీ బోర్డు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కంప్యూటర్ సైన్స్ పరీక్ష చరిత్ర చూస్తే మార్పు ఎంత సహజమో తెలుస్తుంది. 1984లో పాస్కల్‌తో మొదలైంది. 1999లో సీ ప్లస్ ప్లస్‌కు మారింది. 2004 నుంచి జావా వచ్చింది. ఇరవై ఏళ్లలో మూడు భాషలు. 1984లో పాస్కల్ నేర్చుకున్న పిల్లలెవరూ దానివల్ల వెనకబడిపోలేదు. ఆలోచన వచ్చినవారికి కొత్త భాష రావడం పెద్ద పని కాదు.

ఒక ఆచార్యుడి ఉత్తరం

ఈ వాదనలో అందరూ గుర్తు చేసుకునే సంఘటన టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో జరిగింది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇప్పుడు ఉంటున్న ఊరే అది. అక్కడి విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులకు హాస్కెల్ అనే భాష నేర్పేవారు. గణితానికి బాగా దగ్గరగా ఉండే భాష అది. దాన్ని తీసేసి జావా పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అప్పటికే రిటైరైన ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 2001 ఏప్రిల్‌లో నిర్ణయం తీసుకునే మండలి సభ్యులకు ఒక ఉత్తరం రాశారు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1972లోనే అందుకున్న వ్యక్తి ఆయన. హాస్కెల్‌నే ఉంచమని కోరారు. మనుషులు వాడే పనిముట్లు వారి ఆలోచనను మలుస్తాయనీ, ప్రోగ్రామింగ్ భాషలు పిల్లల ఆలోచనా పద్ధతిని ఇంకా గట్టిగా మలుస్తాయనీ ఆయన వాదన సారాంశం.

విశ్వవిద్యాలయం చివరికి జావా వైపే వెళ్లింది. అంత పెద్ద ఆచార్యుడి మాట కూడా నెగ్గలేదు. మొదటి భాషను నిర్ణయించేది భాష గొప్పతనం ఒక్కటే కాదు. ఉద్యోగాల మార్కెట్, పాఠం చెప్పే అధ్యాపకుల అలవాటు, దొరికే పుస్తకాలు, పరీక్ష పెట్టే పద్ధతి, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ఈ లెక్కలో తల్లిదండ్రులు ఎక్కడా కనిపించరు. కనిపించాలన్నదే నా ఉద్దేశం.

పైథాన్ ఎలా వచ్చింది?

పైథాన్‌ను నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశారు. అంతకుముందు ఆయన ఏబీసీ అనే భాష మీద పనిచేశారు. కొత్తవారికి సులువుగా ఉండాలని తయారు చేసిన భాష అది. ఆ అనుభవం పైథాన్‌లో కనిపిస్తుంది. 1999లో ఆయన "అందరికీ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" అన్న ప్రతిపాదనతో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా ముందుకు వెళ్లారు. చదవడం, రాయడం లాగే ప్రోగ్రామింగ్ కూడా అందరికీ రావాలన్నది దాని లక్ష్యం. ఇందాక చెప్పుకున్న భాగహారం గొడవ పైథాన్‌లోనూ మొదట్లో ఉండేది. 2008లో వచ్చిన పైథాన్ 3లో దాన్ని సరిదిద్దారు. నేర్చుకునేవారు ఎక్కడ తడబడుతున్నారో చూసి భాషనే మార్చుకున్నారన్నమాట.

విశ్వవిద్యాలయాలు మెల్లగా ఇటు తిరిగాయి. స్కీం అనే భాషతో పాతికేళ్లు పాఠం చెప్పిన ఎంఐటీ, 2000ల చివర్లో మొదటి కోర్సును పైథాన్‌కు మార్చింది. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడు అమెరికాలో పేరున్న 39 కంప్యూటర్ సైన్స్ విభాగాలను చూస్తే, 27 చోట్ల ప్రారంభ కోర్సుల్లో పైథాన్ ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం. 2017 నియమావళిలో అన్ని బ్రాంచీల విద్యార్థులకూ మొదటి సెమిస్టర్‌లోనే పైథాన్‌తో సమస్యా పరిష్కారం అన్న పేపరు పెట్టింది. సివిల్ అయినా, మెకానికల్ అయినా అదే. ఆ నియమావళిలో కంప్యూటర్ సైన్స్ వారికి రెండో సెమిస్టర్‌లో సీ ఉండేది. ముందు పైథాన్, తర్వాత సీ అన్నమాట.

పాఠశాలల్లో సీబీఎస్ఈ ఇదే దారి పట్టింది. పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో చాలా ఏళ్లు సీ ప్లస్ ప్లస్ రాజ్యమేలింది. తర్వాత కొన్నాళ్లు రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలు ఉండేది. ఇప్పుడు పైథాన్ ఒక్కటే ఉంది. జాతీయ విద్యా విధానం 2020 మిడిల్ స్కూల్ దశ నుంచే కోడింగ్ కార్యక్రమాలు ఉండాలని చెప్పింది. మన పాఠశాలలో ఎనిమిదో తరగతికి పైథాన్ పెట్టడానికి కారణాలు ఇవే.

ఆదేశాలతో కాకుండా ప్రోత్సాహంతో మార్పు తెచ్చిన ప్రయత్నం కూడా మన దేశంలో ఉంది. ఐఐటీ బాంబేలో ఫాసీ అనే ప్రాజెక్టు కేంద్ర ప్రభుత్వ నిధులతో నడుస్తోంది. ఖరీదైన లైసెన్సు సాఫ్ట్‌వేర్ల బదులు సైలాబ్, పైథాన్ లాంటి ఉచిత సాధనాలు వాడమని అది కాలేజీలను ప్రోత్సహిస్తుంది. ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను విద్యార్థులతోనే ఆ భాషల్లో రాయించి, వారికి గౌరవ పారితోషికం ఇచ్చి, అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. "మాకు మెటీరియల్ లేదు" అనే అధ్యాపకుడి చేతికి ముందే మెటీరియల్ అందించడమే వాళ్ల పద్ధతి. అదే సంస్థ నుంచి వచ్చిన స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు పాఠాలూ ఉన్నాయి.

మన దగ్గర ఎలా ఉంది?

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావరకు జేఎన్‌టీయూ హైదరాబాద్‌కో, కాకతీయ విశ్వవిద్యాలయానికో అనుబంధంగా ఉన్నవి, లేదా స్వయంప్రతిపత్తి ఉన్నవి. అనుబంధ కాలేజీ తన ఇష్టప్రకారం సిలబస్ మార్చలేదు. విశ్వవిద్యాలయం కొన్నేళ్లకు ఒకసారి నియమావళి ప్రకటిస్తుంది. ఆర్-16, ఆర్-18, ఆర్-22 అంటూ మీ పిల్లలు చెప్పేవి అవే. ఆ పేరులోని అంకె అది మొదలైన సంవత్సరం. ఒక బ్యాచి ఏ నియమావళిలో చేరితే చివరిదాకా అదే వర్తిస్తుంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-18లో మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ పేపరు సీ భాషలో ఉండేది. ఆర్-22లో ఒక అడుగు ముందుకు పడింది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు మొదటి సెమిస్టర్‌లో సీ, రెండో సెమిస్టర్‌లో పైథాన్ ల్యాబ్ పెట్టారు. అన్నా విశ్వవిద్యాలయం 2017 నియమావళిలోని వరుసకు ఇది సరిగ్గా తలకిందులు. ఈ రెండు నియమావళుల్లోనూ రెండు భాషలూ ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నదే తేడా.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు ఈ వరుస మార్చుకునే అధికారం చాలావరకు ఉంటుంది. సిలబస్‌ను బోర్డ్ ఆఫ్ స్టడీస్ తయారు చేస్తుంది. అందులో విభాగాధిపతి, అధ్యాపకులు, బయటి నిపుణులతో పాటు పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉండాలని యూజీసీ నిబంధనలు చెబుతాయి. తల్లిదండ్రులకు అందులో కుర్చీ లేదు. కానీ మీ బంధువుల్లోనో, స్నేహితుల్లోనో అలాంటి పూర్వ విద్యార్థి ఉండొచ్చు. అడిగితే ఆ మాట అక్కడిదాకా చేరుతుంది.

సీ పక్షాన ఉన్న మాట కూడా వినాలి

సీ ముందు ఉండాలనే అధ్యాపకులు మొండివాళ్లు కారు. వారి వాదనలో బలం ఉంది. కంప్యూటర్ మెమరీ ఎలా పనిచేస్తుందో సీ దాచకుండా చూపిస్తుంది. లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టంలు, చిన్న చిన్న యంత్రాల్లో ఉండే చిప్పుల ప్రోగ్రాంలు ఇప్పటికీ ఎక్కువగా సీలోనే ఉంటాయి. మనం ఎక్కువగా వాడే పైథాన్ కూడా లోపల సీ భాషలోనే రాసి ఉంది. గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ పేపరు సిలబస్‌లో సీ భాష పేరే ఉంది. ముందు సులువైనది నేర్పితే పిల్లలు తర్వాత కష్టపడటానికి ఇష్టపడరన్న భయం కూడా కొందరిలో ఉంది.

ఈ వాదనలన్నీ సీ నేర్పాలని చెబుతాయి. సీ "ముందు" నేర్పాలని అంత గట్టిగా చెప్పవు. గేట్ పరీక్షలోనే 2024 నుంచి వచ్చిన డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపరు సిలబస్‌లో ప్రోగ్రామింగ్ భాష పైథాన్. అంటే రేపటి విద్యార్థికి రెండూ కావాలి. సివిల్, మెకానికల్ విద్యార్థుల సంగతి ఇంకా స్పష్టం. వారిలో చాలామందికి జీవితంలో ప్రోగ్రామింగ్ కోర్సు అదొక్కటే. ఆ ఒక్క కోర్సూ పాయింటర్ల దగ్గరే ఆగిపోతే, తమ రంగంలో లెక్కలు, గ్రాఫులు, సమాచార విశ్లేషణ చేసుకునే అవకాశాన్ని వారు మొదట్లోనే వదులుకుంటారు.

మా అభిప్రాయం

పాఠశాల తరఫున కంప్యూటర్ విభాగంగా మా మాట ఇది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అన్ని బ్రాంచీలకూ మొదటి సెమిస్టర్‌లో పైథాన్ పెట్టాలి. కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ బ్రాంచీలకు ఆ వెంటనే రెండో సెమిస్టర్‌లో సీ ఉండాలి. పేపరు పేరు మారితే చాలదు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాంలను చూసి రాయించి, పరీక్షలో అవే బట్టీ రాయించే పద్ధతి ఉంటే పైథాన్ అయినా ఒకటే, సీ అయినా ఒకటే. కొత్త లెక్క ఇచ్చి, పిల్లలతో కంప్యూటర్ ముందే రాయించే పరీక్ష కావాలి. అధ్యాపకులకు మారడానికి ఒక ఏడాది గడువు, శిక్షణ కావాలి.

ఇది ఎందుకింత ముఖ్యమంటే, మొదటి సెమిస్టర్‌లో దెబ్బతిన్న పిల్లలు భాషను తప్పుపట్టరు, తమను తాము తప్పుపట్టుకుంటారు. ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ చదువుతున్నవారు, తెలుగు మీడియం నుంచి వచ్చినవారు "నాకు బుర్ర లేదు" అన్న నిర్ణయానికి త్వరగా వచ్చేస్తారు. నాలుగేళ్ల ఫీజు కన్నా ఆ ఒక్క మాట ఖరీదు ఎక్కువ.

కౌన్సెలింగ్ సమయంలో మీరు అడగాల్సిన ప్రశ్నలు

టీజీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లేటప్పుడు బస్సు, హాస్టల్, ప్లేస్‌మెంట్ల గురించి అందరం అడుగుతాం. ఈ అయిదూ కూడా అడగండి.

1. మొదటి సంవత్సరంలో ఏ ప్రోగ్రామింగ్ భాష, ఏ వరుసలో నేర్పుతారు? మా పిల్లలు చేరే బ్రాంచీకీ అదే వర్తిస్తుందా?
2. వారానికి ఎన్ని గంటల ల్యాబ్? ఒక్కో విద్యార్థికి ఒక్కో కంప్యూటర్ ఉంటుందా?
3. ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు? ఇంకా టర్బో సీ వాడుతుంటే ఎందుకో అడగండి. సీ నేర్పడానికి ఉచితంగా దొరికే ఆధునిక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.
4. ల్యాబ్ పరీక్షలో కొత్త లెక్క ఇస్తారా, రికార్డులో ఉన్నదే అడుగుతారా?
5. మొదటి ఇంటర్నల్‌లో వెనకబడిన పిల్లలకు విడిగా క్లాసు ఉందా?

జవాబు ఇవ్వడానికి ఇబ్బంది పడే కాలేజీ గురించి ఆ ఇబ్బందే ఎంతో కొంత చెబుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగేది

మీకు కోడింగ్ రావాల్సిన అవసరం లేదు. "ఏం నేర్చుకున్నావ్?" అని కాకుండా "మన ఇంటి లెక్క ఒకటి చేసి చూపించు" అని అడగండి. పాల లెక్క, కరెంటు బిల్లు, చిట్టీ లెక్క, తక్‌పట్టీ, ఏదైనా సరే. జవాబు వచ్చాక కాగితం మీద సరిచూడండి. తప్పు వస్తే కోప్పడకండి, "ఎక్కడ తేడా వచ్చింది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. వాళ్లే వెతుక్కుంటారు. ఎనిమిదో తరగతిలోనే నాలుగు భాషల కోర్సులకు డబ్బు కట్టాల్సిన పనీ లేదు. ఒక్క భాషలో యాభై చిన్న లెక్కలు సొంతంగా చేసిన పిల్లలకు రెండో భాష కొన్ని వారాల పని.

చివరగా, ఈ వ్యాసానికి కారణమైన తండ్రి గారికి ఒక మాట. మీ చిన్నమ్మాయి మళ్లీ మొదటికేమీ రాదు. తను నేర్చుకున్నది లెక్కను విడగొట్టడం. సీ వచ్చినా జావా వచ్చినా అది తన వెంటే ఉంటుంది. ఇక మీ పెద్దబ్బాయి ఈ ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు, అయిదు బస్తాల లెక్కను సీలోనే చేయమనండి. 30,000 వస్తే కంగారు పడొద్దు. 100 ఉన్న చోట 100.0 అని రాయమనండి. ఆ చుక్క, ఆ సున్నా ఉంటే సీ దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది, 32,250 వచ్చేస్తుంది. ఎందుకు వచ్చిందో చెల్లెలికి వివరించమనండి. చెల్లెలికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆ అబ్బాయికి బుర్ర లేదన్న మాట ఆ రోజుతో పోతుంది. సప్లిమెంటరీ పరీక్షకు మొదటి మెట్టు కూడా అదే.

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో కలుద్దాం. మీ ఇంటి లెక్క ఏదైనా ఉంటే కాగితం మీద రాసి తీసుకురండి. పిల్లలతో క్లాసులోనే చేయిద్దాం.

మీ,
కంప్యూటర్ సైన్స్ విభాగం, ఎనుమాముల బ్రాంచి